చిన్న సినిమాలో మన మాట

"అన్నా, షార్ట్ ఫిల్మ్ తీయాలంటే ఏ కెమెరా కొనాలె?"

మన హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా ఇంటర్, డిగ్రీ తమ్ముళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఇదే. ఏ కెమెరా కొనవద్దు అనేది నా జవాబు. మిత్రులం ఏడుగురం కలిసి మూడేండ్లలో మూడు చిన్న చిత్రాలు తీశాం. ఒకటి ఆరు నిమిషాలు, ఒకటి పదకొండు, ఒకటి పద్నాలుగు. మూడింటికీ వాడింది మా చేతుల్లో ఉన్న ఫోన్లే. మాకు ఎక్కువ కష్టం కలిగించింది బొమ్మ కాదు, మాట. ఎవరి మాట, ఎట్లాంటి మాట, అది చూసేవాళ్ల చెవికి ఎట్లా చేరాలి అన్న దాని చుట్టే మా పని అంతా తిరిగింది. అందుకే ఈ సంచికలో కెమెరా గురించి కొంచెం, మాట గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఫోనుతో సినిమా తీయడం తక్కువ పని అని ఎవరైనా అంటే 2015లో వచ్చిన 'టాంజరిన్' అనే అమెరికన్ చిత్రం పేరు చెప్పండి. షాన్ బేకర్ అనే దర్శకుడు దాన్ని ఐఫోన్ 5ఎస్‌తో తీశాడు. మనవాళ్ల చేతుల్లో ఇప్పుడున్న మామూలు ఫోన్లు చాలావరకు దానికి తీసిపోవు.

ముందుగా, అసలు మనమెందుకు తీయాలి అన్న సంగతి. సాంఘిక సంక్షేమ హాస్టల్ తెర మీద ఎప్పుడు కనబడుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అన్నం బాగాలేక పిల్లలు ఆస్పత్రి పాలైనప్పుడు టీవీలో కనబడుతుంది. లేదంటే మనలో ఒకరు ఎవరూ చేయనిది చేసినప్పుడు కనబడుతుంది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కితే, రాహుల్ బోస్ 2017లో 'పూర్ణ' అనే హిందీ సినిమా తీశాడు. చూడవలసిన సినిమా. కానీ ఎవరెస్టు ఎక్కని మిగతా వాళ్లం? పొద్దున్నే నల్లా దగ్గర బకెట్ల వరుస, ట్రంకు పెట్టె తాళం పోయిన రోజు, కాస్మెటిక్ చార్జీలు ఎప్పుడు పడతాయోనన్న లెక్కలు, పరీక్షల ముందు వరండాలో లైటు కింద చదువు... ఇవి ఎవరి కెమెరాకూ వార్తలు కావు. మనం తీయకపోతే ఇవి ఎక్కడా ఉండవు.

మరాఠీ దర్శకుడు నాగరాజ్ మంజులే పేరు 'ఫాండ్రీ', 'సైరాట్' వల్ల మీకు తెలిసే ఉంటుంది. వాటికంటే ముందు ఆయన 'పిస్తుల్యా' అనే చిన్న చిత్రం తీశాడు. బడికి పోవాలని ఆశపడే ఒక పేద పిల్లవాడి కథ. 58వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో తొలి చిత్ర దర్శకుడికి ఇచ్చే బహుమతి దానికి వచ్చింది. అది చూసిన రాత్రి మా గదిలో ఎవరూ తొందరగా పడుకోలేదు. అప్పటిదాకా మా వాళ్లు రాసుకున్న కథలన్నిట్లో ఒక రౌడీ, ఒక కత్తి, స్లోమోషన్‌లో నడక ఉండేవి. (స్లోమోషన్ మీద మన తమ్ముళ్లకున్న ప్రేమ వేరే వ్యాసానికి సరిపోతుంది.)

కథ ఎక్కడ దొరికింది

మా రెండో చిత్రం పేరు 'ఆదివారం'. తొమ్మిదో తరగతి పిల్లవాడు హాస్టల్‌లో ఉంటాడు. వాళ్లమ్మ ఖమ్మం వైపు మిర్చి ఏరడానికి పోయింది. పిల్లవాడి దగ్గర ఫోను లేదు, వాచ్‌మన్ తాత ఫోను అడుక్కోవాలి. అమ్మ దగ్గరా ఫోను లేదు, మేస్త్రి ఫోనుకు చేయాలి. రెండు వైపులా అరువు ఫోన్లే. ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పిల్లవాడు నాలుగుసార్లు ప్రయత్నిస్తాడు. నాలుగోసారి అమ్మ దొరుకుతుంది. రెండు నిమిషాలు మాట్లాడుతుంది. అంతే కథ.

హాస్టల్‌లో తీయడానికి ఇట్లాంటి కథలో కొన్ని సౌకర్యాలున్నాయి. స్థలం ఒక్కటే: గేటు, వరండా, గది. వేషాలు అక్కర్లేదు, రోజూ వేసుకునే బట్టలే వేషం. పాత్రలు ముగ్గురు నలుగురు. అన్నిటికంటే పెద్ద సౌకర్యం, ఆడ పాత్ర గొంతు మాత్రమే ఉండటం. బాలుర హాస్టల్‌లో సినిమా తీసేవాళ్లందరికీ వచ్చే చిక్కు ఇది. అమ్మాయిల హాస్టల్ నుంచి షూటింగుకు పంపరు, పంపాలని అడగడమూ కష్టమే. చాలామంది అబ్బాయికే చీర కట్టి నవ్విస్తారు. నవ్వులాట కథకైతే సరే. అమ్మ కథకు అది పనికిరాదు.

స్క్రిప్టు ఎంత పొడవు రాయాలని అడుగుతారు. ఒక పేజీకి ఒక నిమిషం అని సినిమా వాళ్ల మోటు లెక్క. మేము ఎనిమిది పేజీలు రాశాం, పదకొండు నిమిషాలు వచ్చింది. మాటలు తక్కువ, ఎదురుచూపులు ఎక్కువ ఉంటే అట్లాగే సాగుతుంది.

చెవికి చేరే పని

హాస్టళ్లలో, కాలేజీల్లో తీసిన చిన్న చిత్రాలు కనీసం నలభై చూసి ఉంటాను. బొమ్మ బాగాలేక మధ్యలో ఆపేసినవి తక్కువ. మాట వినబడక ఆపేసినవే ఎక్కువ. బొమ్మ మసకగా ఉన్నా మనిషి ఓపిక పడతాడు, మాట అర్థం కాకపోతే రెండు నిమిషాలకు మించి కూర్చోడు.

మాట ఎందుకు వినబడదు? ఫోను కెమెరా పది అడుగుల దూరంలో ఉంటుంది, దాని మైకు కూడా అక్కడే ఉంటుంది. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైతే చేరే శబ్ద శక్తి నాలుగో వంతుకు పడిపోతుందని ఇంటర్ ఫిజిక్సులో చదువుకున్నాం. పరీక్షలో రాసి మరిచిపోయిన ఆ సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ఫోను మైకు మీ మాటనే ఏరుకుని పట్టదు, ఫ్యాను చప్పుడును, వంటగది గిన్నెలను, పక్కగది వాళ్ల పాటను కూడా సమానంగా పడుతుంది. పైగా చాలా ఫోన్లు ఎవరూ మాట్లాడనప్పుడు తామే శబ్దం పెంచుకుంటాయి. అందుకే మాటకూ మాటకూ మధ్య ఫ్యాను హోరు ఒక్కసారిగా పైకి లేస్తుంది.

దీనికి ఖర్చు లేని మందు రెండో ఫోను. ఒక ఫోను బొమ్మకు, ఇంకొకటి మాటకు. మాట పట్టే ఫోనులో రికార్డరు ఆన్ చేసి, మాట్లాడేవాడి చొక్కా జేబులోనో, ఫ్రేములో కనబడకుండా తల పక్కన మంచం మీదనో పెట్టాలి. నోటికి అడుగు, అడుగున్నర దూరం మించకూడదు. జేబులో పెడితే బట్ట రాపిడి వినబడుతుంది, కాబట్టి మైకు ఉన్న కొస బయటికి ఉండేలా చూడాలి. ప్రతి షాటు మొదట్లో కెమెరా ముందు ఒకరు గట్టిగా చప్పట్లు కొట్టాలి. ఎడిటింగులో చేతులు కలిసిన బొమ్మనూ, ఆ చప్పుడునూ ఒకచోటికి తెస్తే మిగతాదంతా తనంత తానే కలుస్తుంది. సినిమా వాళ్ల క్లాప్ బోర్డు చేసే పనుల్లో ఇది ముఖ్యమైనది. మా దగ్గర బోర్డు లేదు, చప్పట్లే.

ఇంకొక పని కూడా తప్పకుండా చేయాలి. ప్రతి చోటా షూటింగు అయిపోయాక అందరినీ నోరు మూసుకొమ్మని, ఒక నిమిషం పాటు ఉత్త గది శబ్దం రికార్డు చేసుకోవాలి. ఖాళీ గది కూడా నిశ్శబ్దంగా ఉండదు. మన వరండాది ఒక చప్పుడు, డైనింగ్ హాలుది ఇంకొకటి. ఎడిటింగులో రెండు మాటల మధ్య అతుకు వేసినప్పుడు ఈ ఉత్త శబ్దం కింద పరిస్తే అతుకు తెలియదు. ఆ ఒక్క నిమిషం ఏడుగురు కుర్రాళ్లను నవ్వకుండా నిలబెట్టడం మొత్తం షూటింగులో కెల్లా కష్టమైన పని.

ఇక అమ్మ గొంతు. మా 'ఆదివారం'లో వినబడేది మా అమ్మ గొంతే. నేను ఇంటికి పోయినప్పుడు గదిలో తాడు కట్టి మూడు వైపులా దుప్పట్లు వేలాడదీశాను. గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని దుప్పటి మింగేస్తుంది, స్టూడియోల్లో గోడలకు మెత్తటి పలకలు అతికించేది ఇందుకే. అమ్మ దుప్పట్ల మధ్య కూచొని, "గిదేం సదువురా" అని నవ్వింది. స్క్రిప్టులో నేను రాసిన మాట, "బాబూ, బాగా చదువుకో, నా గురించి దిగులు పెట్టుకోకు" అని. అమ్మకు అక్షరాలు రావు కాబట్టి నేను చదివి వినిపించాను. అంతా విని, "గట్ల ఎవరు మాట్లాడుతరు? నేనైతే ముందుగాల ఏం గూర పెట్టిండ్రని అడుగుత" అంది. సరే, నీ కొడుకుతో ఎట్లా మాట్లాడతావో అట్లానే మాట్లాడమన్నాను. రికార్డరు ఆన్‌లో ఉంది.

"తిన్నవా? ఏం గూర? పప్పేనా? గుడ్డు పెట్టిండ్రా? దుప్పటి కప్పుకుంటున్నవా? మేస్త్రి సూస్తుండు, పెడ్తున్న."

చిత్రంలో ఉన్నది ఇదే. నేను రాసిన వాక్యం ఒక్కటి కూడా మిగల్లేదు. మాటలు రాసేటప్పుడు మనకు తెలియకుండానే పాఠ్యపుస్తకం భాష వచ్చి కూచుంటుంది. దాన్ని పోగొట్టడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. రాసినది ఆ పాత్రలాంటి మనిషికి చదివి వినిపించి, "నువ్వైతే ఏమంటవు?" అని అడగాలి. వాచ్‌మన్ పాత్ర మాటలన్నీ మేము అట్లాగే పట్టుకున్నాం.

ఈ మాట మీదనే మాకు బయట ఒక దెబ్బ కూడా తగిలింది. ఒక అంతర కళాశాల పోటీకి చిత్రం పంపితే, న్యాయనిర్ణేతల్లో ఒకరు అంతా మెచ్చుకుని, "సంభాషణలు శుద్ధమైన తెలుగులో ఉంటే బహుమతి వచ్చేది" అన్నారు. డబ్బింగు చేసి మళ్లీ పంపుదామని మాలో ఇద్దరు పట్టుబట్టారు. మిగతావాళ్లం ఒప్పుకోలేదు. మిర్చి చేలో ఉన్న కూలి మనిషి రేడియో వార్తల్లా మాట్లాడితే ఆమె మన అమ్మ కాకుండా పోతుంది. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో చాలావరకు నటించింది విశాఖపట్నంలోని ఆ పేట జనమే. వాళ్ల మాటను వాళ్ల నోటితోనే వింటే కదా ఆ సినిమా అంత నచ్చింది. 2021లో వచ్చిన 'సినిమా బండి' చూడనివాళ్లు చూడండి. ఆటో నడిపేవాడికి ఒక కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీయబోయే కథ. దాని నవ్వంతా ఆ ఊరి యాసలోనే ఉంది.

ట్యూబులైటు, తెల్లగుడ్డ

బొమ్మ గురించి మూడు సంగతులు చెప్పి ముగిస్తాను. మన గదిలో ట్యూబులైటు కింద వీడియో తీస్తే తెర మీద నల్లటి పట్టీలు మెల్లగా కదలడం మీరు చూసే ఉంటారు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, దాంతో చాలా లైట్లు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫోనులో ప్రొ మోడ్ ఉంటే షట్టరు 1/50 లేదా 1/100 పెట్టండి, ఫ్రేములు సెకనుకు 25 పెట్టండి. పట్టీలు పోతాయి. పోకపోతే ఆ లైటు ఆపి కిటికీ పక్కన తీయండి.

రెండోది, వెలుతురు. నడినెత్తి ఎండలో మనిషి కళ్ల కింద నల్లగా పడుతుంది. కిటికీ నుంచి వచ్చే వెలుగులో మనిషిని కూచోబెట్టి, రెండో వైపు ఒకరు తెల్లగుడ్డ పట్టుకుంటే ముఖం మెత్తగా కనబడుతుంది. మనకిచ్చే దుప్పట్లు రంగువి, వాటి రంగు ముఖం మీద పడుతుంది. సభలప్పుడు టేబుల్ మీద పరిచే తెల్లగుడ్డ అడిగి తెచ్చుకున్నాం. ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. సత్యజిత్ రాయ్ 1956లో తీసిన 'అపరాజితో'లో కాశీ ఇంటి సెట్టుకు ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్ర పైన గుడ్డ కట్టి, లైట్ల వెలుగును దానికి కొట్టించి కిందికి దింపాడు. ఆయన అంతకుముందు 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టేనాటికి సినిమా కెమెరా ఎన్నడూ నడపనివాడు.

మూడోది, ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు వాళ్లిద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరాను ఎప్పుడూ ఆ గీతకు ఒకవైపే ఉంచండి. గీత దాటితే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తూ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఏడుగురితో నెట్టుకురావడం

మిత్రులతో తీయడంలో ఉన్న సుఖం, డబ్బులు ఇవ్వక్కర్లేదు. కష్టమూ అదే, ఎవరినీ గట్టిగా అడగలేం. 'ఆదివారం' కథ ఒక్క రోజులో జరుగుతుంది, తీసింది మాత్రం ఐదు ఆదివారాల్లో. మధ్యలో ఒకరికి పరీక్ష, ఒకరికి ఇంటి దగ్గర చావు, ఒకరికి క్యాటరింగ్ పని. ఆ ఐదు వారాలూ మా కథానాయకుడు వెంట్రుకలు కత్తిరించుకోకూడదు, అదే చొక్కా ఉతికి దాచుకోవాలి. షాటు అయిపోగానే ఫోటో తీసి పెట్టుకునే పని ఒక్కడికే అప్పజెప్పండి: గుండీలు ఎన్ని పెట్టాడు, బకెట్ ఏ పక్కన ఉంది, తలుపు ఎంత తెరిచి ఉంది. రాయ్ 'పథేర్ పాంచాలి'లో రెల్లుపూల మధ్య పిల్లలు పరుగెత్తే ఘట్టం కొంత తీసి మళ్లీ వచ్చేసరికి పశువులు ఆ పూలన్నీ మేసేశాయట. మళ్లీ పూసేదాకా ఆగి తీశాడు. 1952లో మొదలైన ఆ చిత్రం డబ్బు లేక ఆగుతూ ఆగుతూ 1955లో విడుదలైంది. మన ఆదివారాలు వాయిదా పడినప్పుడల్లా ఈ రెల్లుపూల కథ మా వాళ్లకు చెప్పేవాణ్ణి. వాళ్లు ఇప్పుడు దాన్నే నాకు తిప్పి చెబుతున్నారు.

ఖర్చు సంగతి. మా పదకొండు నిమిషాల చిత్రానికి పద్నాలుగు వందలు అయింది. మెమొరీ కార్డు, ఫోను నిలబెట్టే స్టాండు, ఐదు వారాల చాయ్ బిస్కెట్లు, అంతే. ఫుల్ హెచ్‌డీలో తీస్తే నిమిషానికి వంద మెగాబైట్లకు అటూ ఇటూ పడుతుంది, కాబట్టి ముందే ఫోనులో చోటు చేసుకోవాలి. తీసిన రోజు రాత్రే ఇంకోచోటికి కాపీ చేయాలి. ఎడిటింగుకు డావిన్సీ రిజాల్వ్ ఉచితంగా దొరుకుతుంది, కానీ దానికి మంచి కంప్యూటరు కావాలి. ఫోనులో కైన్‌మాస్టర్ లాంటి వాటితో కూడా పని జరుగుతుంది. సినిమా పాటలు, సినిమా నేపథ్య సంగీతం పెట్టకండి. యూట్యూబులో పెట్టగానే హక్కుదారుల అభ్యంతరం వస్తుంది. మాలో ఒకడు పళ్లెం మీద వేళ్లతో వాయించినదే మా సంగీతం.

చివర్లో పేర్లు వేసే దగ్గర తగాదాలు వస్తాయి, రాసిపెట్టుకోండి. మేము దర్శకుడు, ఛాయాగ్రహణం అని కాకుండా ఏడుగురి పేర్లు అక్షరక్రమంలో వేశాం. తెల్లగుడ్డ పట్టుకున్నవాడి పేరు నా పేరుకంటే ముందుంది. అది వాడు ఇప్పటికీ గుర్తుచేస్తాడు.

బయట పెట్టాలా వద్దా

ఇది అన్నిటికంటే గట్టి ప్రశ్న. ఒక హాస్టల్ పిల్లవాడి ముఖం, వాడి అమ్మ కూలి, వాడి అరువు ఫోను, ఇవన్నీ ఒక్కసారి నెట్‌లోకి పోతే వెనక్కి తీసుకోలేం. మనం తీసేసినా ఎవరి ఫోనులోనో ఉంటుంది. మా కథానాయకుడు ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడు, మైనరు. తీయడానికి ముందే వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడాం, వార్డెన్ సార్‌కు కథ చెప్పి అనుమతి తీసుకున్నాం. వంటగదిలో ఎవరి ముఖాలూ పడకుండా చూస్తామని చెప్పాం, అట్లాగే చూశాం.

చిత్రం పూర్తయ్యాక డైనింగ్ హాలు గోడకు గుడ్డ కట్టి అందరికీ చూపించాం. అమ్మ గొంతు "గుడ్డు పెట్టిండ్రా" అనగానే హాలంతా నవ్వింది. "పెడ్తున్న" అన్నాక ఎవరూ నవ్వలేదు. చిన్న తరగతి పిల్లలు ఇద్దరు లేచి బయటికి పోయారు. మరునాడు కథానాయకుడు నా దగ్గరికి వచ్చి, "అన్నా, హాస్టళ్లల్ల ఎన్నిసార్లన్న సూపిద్దాం. నెట్ల మాత్రం పెట్టొద్దు. మా అమ్మ గూడ మిర్చికే పోతది. ఊర్ల మా అక్క పెండ్లి మాటలు నడుస్తున్నయ్" అన్నాడు.

కథ వాడిది కాదు, మేము కల్పించిందే. కానీ ఊరికి ఆ తేడా తెలియదు. ఏడుగురం కూచున్నాం. యూట్యూబులో పెడితే పదిమందికి తెలుస్తుంది, అవకాశాలు వస్తాయి, మూడేండ్ల కష్టం కదా అని ఒకరిద్దరు అన్నారు. అందులో అబద్ధం లేదు. మనలాంటి వాళ్లకు సినిమా రంగంలో తెలిసినవాళ్లు ఉండరు, యూట్యూబు ఒక్కటే తెరిచిన తలుపు. అయినా ముఖం వాడిది. పెట్టలేదు. ఇప్పటిదాకా ఆరు హాస్టళ్లలో చూపించాం, ప్రతిసారీ పెన్‌డ్రైవ్ మేమే తీసుకుపోయి మేమే తెచ్చుకున్నాం. మిగతా రెండు చిత్రాలు యూట్యూబులో ఉన్నాయి, వాటిలో నటించినవాళ్లు సరేనన్నారు కాబట్టి.

నాలుగో చిత్రం దసరా సెలవుల తర్వాత మొదలుపెడుతున్నాం. మన హాస్టల్ కామాటి అక్క తన ఇరవై ఏండ్ల పని గురించి తన మాటల్లోనే చెబుతానని ఒప్పుకుంది. ముఖం కాదు, చేతులు మాత్రమే తీయమంది. రాత్రి గిన్నెలు కడిగే వేళ తీయాలి, అంటే నీళ్ల చప్పుడు మధ్య ఆమె మాట పట్టాలి. శబ్దం పట్టడం నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లు ఇద్దరు కావాలి. ఫోను లేకపోయినా ఫరవాలేదు.